బాపమ్మ పటాలు, మేకు కొట్టకూడని గోడ

ఈ ఏడు చరిత్ర వ్యాసానికి మా టీచరమ్మ ఇచ్చిన విషయం "మా ఇంట్లో ఒక పాత వస్తువు". మా క్లాసులో కొందరు ఇత్తడి బిందె మీద రాశారు, ఒకతను వాళ్ళ తాత గడియారం మీద రాశాడు. నేను గోడ మీద రాస్తానంటే అందరూ నవ్వారు. గోడ వస్తువు ఎట్లా అవుతుందన్నారు. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. "రాయి. కానీ గోడకు ఏం వేలాడిందో అది కూడా రాయి" అన్నారు. అందుకే ఇది సగం గోడ కథ, సగం పటాల కథ.

మేము ముంబైలో వర్లీ బీడీడీ చాళీలో ఉండేవాళ్ళం. మా బాపు పుట్టింది అక్కడే, నేను పుట్టిందీ అక్కడే. బీడీడీ అంటే బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్. జార్జ్ లాయిడ్ గవర్నర్‌గా ఉన్నప్పుడు 1920లో దాన్ని పెట్టారు. మిల్లుల్లో పనిచేసే వాళ్ళకు ఉండడానికి చోటు లేక, ఒక్కో గదిలో రెండు మూడు కుటుంబాలు కుక్కుకుని ఉన్న కాలం అది. అంతకు ముందు 1896లో ప్లేగు వచ్చి నగరం అల్లాడిపోయింది. ఆ తర్వాత ఇళ్ళు కట్టించడానికి సర్కారు ఒక ట్రస్టు కూడా పెట్టింది. అది చాలలేదు. అప్పుడు వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్, శివడీ, ఈ నాలుగు చోట్ల కలిపి 207 చాళీలు లేచాయి. ఒక్కో చాళీకి కింది అంతస్తు కాక ఇంకో మూడంతస్తులు, మొత్తం 80 గదులు. ఒక్కో గది 160 చదరపు అడుగులు. అంటే మా క్లాసు గదిలో సగం కూడా ఉండదు. 1930లో ఉప్పు సత్యాగ్రహం జరుగుతున్నప్పుడు జైళ్ళు చాలక వర్లీ చాళీల్లో కొన్నిటిని జైలుగా వాడారట. ఇది తెలిసినప్పటి నుంచి ఆ గోడలు ఎందుకంత గట్టివో నాకు అర్థమైనట్టే అనిపిస్తుంది, కారణం అది కాకపోయినా. అసలు కారణం, వాటిని ఇటుకతో కాక సిమెంటు కాంక్రీటుతో కట్టారు. ఆ గోడకు మామూలు మేకు కొడితే మేకే వంగిపోతుంది. గోడకు ఒక తెల్ల చుక్క పడుతుంది, అంతే.

మా తాత ఊరు కరీంనగర్ జిల్లా. మేము పద్మశాలీలం. ఊర్లో మగ్గం మీద బతుకు గడవక ముంబై మిల్లుకు వచ్చాడు. తెలుగువాళ్ళు ఈ నగరానికి రావడం ఆయనతో మొదలు కాలేదు. నిజాం రాజ్యం నుంచి వచ్చి రాళ్ళు మోసి, గోడలు కట్టిన కామాఠీల పేరు మీదనే కామాఠీపురా ఉంది. అంటే ఈ నగరపు గోడలు కట్టిన చేతుల్లో మనవాళ్ళ చేతులు కూడా ఉన్నాయి. తరవాత ఆ గోడల మధ్య మగ్గాలు నడిపిన చేతుల్లోనూ ఉన్నాయి. పుస్తకంలో కామాఠీపురా గురించి వేరే సంగతులే ఎక్కువ రాస్తారు. ఇది తక్కువ రాస్తారు.

మా గదిలో ఏడు పటాలు ఉండేవి. లక్ష్మీదేవి, మార్కండేయ మహర్షి, వేములవాడ రాజన్న, తిరుపతి వెంకన్న, అంబేద్కర్, అమ్మా బాపుల పెళ్ళి ఫోటో, గంధపు చెక్కల దండ వేసిన తాత ఫోటో. తాత బతికున్నప్పుడు ఆరే. అంబేద్కర్ పటం తాతే డిసెంబరు 6న దాదర్ చైత్యభూమి దగ్గర కొనుక్కొచ్చాడు.

ఈ పటాలన్నీ గోడ పైన కప్పుకు జానెడు కింద ఒక పొడుగాటి చెక్క బద్దకు వేలాడేవి. ఆ బద్దను తాత 1982లో బిగించాడు. ఆ ఏడు జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది దాకా పని ఆపేశారు. అందులో మా తాత ఒకడు. మొదట నెల రోజుల్లో తెములుతుంది అనుకున్నారట. తెమలలేదు. చాలా మిల్లులు మళ్ళీ మామూలుగా నడవనే లేదు. పొద్దంతా ఇంట్లో కూచోలేక తాత ఒక పాత సామాను పెట్టె చెక్క తెచ్చి, చిత్రిక పట్టి, గోడకు రెండే రెండు చోట్ల ఉలితో బొక్క చేసి, వాటిలో మొన తేల్చిన చెక్క ముక్కలు బిగుతుగా దిగ్గొట్టి, ఆ చెక్క ముక్కలకు మేకులు కొట్టి ఈ బద్దను ఆనించాడు. "పని లేకుంటె చేతులు ఊకుంటయా బిడ్డా" అని బాపమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా అంటుంది.

ఆ తర్వాత ఎన్ని పటాలు వచ్చినా గోడకు ఇంకో బొక్క పడలేదు. బద్ద మీద కొక్కెం వేయడం, నూలు తాడు దించడం, పటం తగిలించడం. పటం పై భాగం కొంచెం ముందుకు వాలి, కింది అంచు గోడకు ఆని ఉండేది. కింద కూచుని చూసేవాళ్ళకు దేవుడి ముఖం సరిగ్గా కనబడాలని అట్లా వాల్చేవాళ్ళు. వెనక నుంచి గాలి ఆడుతుంది కాబట్టి వానాకాలం గోడ చెమ్మ పటానికి అంటేది కాదు.

తాత సొంతంగా కనిపెట్టాడని నేను చాలా రోజులు అనుకున్నాను. మా బడి పాత భవనంలో కూడా గోడల పై భాగంలో గుండ్రటి అంచు ఉన్న చెక్క బద్ద గది చుట్టూ ఉంది. గాంధీ గారు, నెహ్రూ గారు దానికే వేలాడుతున్నారు. రోజూ చూస్తూనే ఉన్నా ఎప్పుడూ పట్టించుకోలేదు. టీచరమ్మను అడిగితే దాని పేరు పిక్చర్ రైల్ అన్నారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు ఇళ్ళల్లో అది బాగా వాడుకలోకి వచ్చింది. అక్కడి గోడల పూత మేకు కొడితే పెచ్చులు ఊడేది. పైగా గోడలకు ఖరీదైన రంగు కాగితం అంటించేవాళ్ళు. దానికి బొక్కలు పడితే యజమానికి గుండె పగిలినంత పని. అందుకని ఇల్లు కట్టేటప్పుడే బద్దను గట్టిగా బిగించి, ఇత్తడి కొక్కేలతో పటాలు దించేవాళ్ళు. తెల్లవాళ్ళు ఇక్కడ కట్టిన ఆఫీసుల్లోకీ బడుల్లోకీ అదే వచ్చింది. తాత ఎక్కడో ఆఫీసులో చూసి ఉంటాడని బాపు అంటాడు. బాపమ్మ ఒప్పుకోదు. "మా ఊర్ల తెల్లోడు ఉన్నడా? మా ఇంట్ల చిలకకొయ్య లేదా?" అంటుంది.

చిలకకొయ్య అంటే నాకు తెలియదు. బాపమ్మే చెప్పింది. చిలక ముక్కులాగా చెక్కిన కర్ర ముక్క. మట్టి గోడ పెట్టేటప్పుడే దాని తోకను గోడ మందంలో పెట్టి కట్టేస్తారు. గోడ ఎండాక అది కదలదు. అంగీ, చేతిసంచి, పిల్లల పలక అన్నీ దానికే. దీపానికీ దేవుడికీ గోడలోనే గూడు వదిలేవాళ్ళు. బట్టలకు ఇంటి దూలం నుంచి రెండు తాళ్ళు దించి, వాటి మధ్య వెదురు కట్టి దండెం చేసేవాళ్ళు. మట్టి గోడకు మేకు నిలవదు, కొడితే గడ్డలు రాలతాయి. కాబట్టి గోడకు ఏం కావాలో గోడ పెట్టకముందే ఆలోచించేవాళ్ళు. ఈ మాట నాకు చాలా నచ్చింది. మనం ఇల్లు దొరికాక ఆలోచిస్తాం.

మరి అప్పుడు పటాలు ఎక్కడ పెట్టేవాళ్ళు అని అడిగాను. బాపమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో అద్దాల పటం ఒక్కటే, అదీ గూట్లో. కానీ ఊరికంతటికీ కలిపి ఒక పెద్ద పటం వచ్చేది. కూనపులివాళ్ళు తెచ్చేవాళ్ళు. పద్మశాలీల ఇళ్ళకు వచ్చి మార్కండేయ పురాణం చెప్పడం వాళ్ళ వృత్తి. రాత్రి పూట వాడకట్టులో రెండు గుంజలు పాతి, పైన అడ్డ కర్ర కట్టి, దానికి పటం దించేవాళ్ళు. ఎర్రటి నేల మీద బొమ్మలు, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం. కథ నడిచే కొద్దీ పటం విప్పుకుంటూ పోయేవాళ్ళు. చాలా మూరల పొడుగు ఉండేది. కథ అయిపోతే చుట్టి చంకన పెట్టుకుని ఇంకో ఊరికి పోయేవాళ్ళు. గుంజలు పీకేస్తే నేల మామూలే. ఏ గోడకూ గీత పడలేదు. ఆ పటాలు రాసేది చేర్యాల నకాషీలు. నూలు బట్టకు చింతగింజల అంబలి, గంజి, సుద్దమట్టి, జిగురు కలిపి పట్టించి, ఆరాక దాని మీద రాస్తారు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది.

"పటం" అంటే మొదట బట్ట అనే అర్థం. నిఘంటువులో చూశాను. బట్ట మీద రాసిన బొమ్మ పటం అయింది, తరవాత చట్రంలో బిగించిన కాగితం కూడా పటమే అయింది. నేసేవాళ్ళ ఇంట్లో పుట్టి ఇన్నేళ్ళు ఈ ముక్క తెలియకుండా గడిపాను.

ఇక లక్ష్మీదేవి పటం. ఇది మా తాత వాళ్ళ అమ్మది. కింది అంచున చిన్న ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. నేను అద్దం తుడిచి చదివాను. రవివర్మ ప్రెస్, కార్లా, లోనావళా అని ఉంది. రాజా రవివర్మ 1894లో ముంబైలోనే, గిర్గావ్‌లో ఈ అచ్చుకూటం పెట్టాడు. జర్మనీ నుంచి యంత్రాలు, పనివాళ్ళు వచ్చారు. మొదట అచ్చయిన వాటిలో శకుంతల పుట్టుక బొమ్మ ఒకటి. రాతి పలకల మీద ఒక్కో రంగుకు ఒక్కో పలక చేసి, ఒకే కాగితాన్ని మళ్ళీ మళ్ళీ అద్దేవాళ్ళు. ఒక పలక వెంట్రుక వాసి జరిగినా లక్ష్మి చీర అంచు ఒక చోట, రంగు ఇంకో చోట పడుతుంది. మా పటంలో తామర పువ్వు దగ్గర అట్లా కొంచెం జరిగింది. అదే నాకు అన్నిటికంటే ఇష్టం. తరవాత ప్రెస్‌ను లోనావళా దగ్గర మళవలీకి మార్చారు. 20వ శతాబ్దం మొదట్లో ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ ఆయన చేతికి అది పోయింది. మన దేశపు మొదటి కథా చిత్రం "రాజా హరిశ్చంద్ర"ను 1913లో తీసిన దాదాసాహెబ్ ఫాల్కే కూడా కొంతకాలం ఆ ప్రెస్‌లో పని చేశాడు. రవివర్మ 1906లో చనిపోయాడు గానీ ప్రెస్ ఆగలేదు. గుడిలోకి పోనివ్వని వాళ్ళ ఇంటికి కూడా లక్ష్మి ఈ కాగితం మీదనే వచ్చింది. ఇళ్ళల్లో గోడకు దేవుణ్ణి వేలాడదీసే అలవాటు ఇంతగా పెరిగింది అచ్చు పటాల వల్లనే అని నా అభిప్రాయం. ఆ తర్వాత శివకాశి క్యాలెండర్లు వచ్చి అద్దం, చట్రం కూడా అక్కరలేకుండా చేశాయి. పైన ఒక రేకు పట్టీ, ఒక కొక్కెం, అంతే. మా తిరుపతి వెంకన్న అట్లాంటి క్యాలెండర్ నుంచి కత్తిరించి అద్దం కట్టించినవాడే.

ఇప్పుడు అసలు సంగతి. మా చాళీ కూల్చి కొత్త ఇళ్ళు కడతామని ఖాళీ చేయించారు. మేము దగ్గరలోనే ఒక అద్దె గదికి వచ్చాం. గది యజమాని తాళం చెవి ఇస్తూ చెప్పిన మొదటి మాట, "గోడకు ఒక్క మేకు కూడా కొట్టొద్దు. కొడితే డిపాజిట్‌లో కోసుకుంటా." డిపాజిట్ కోసం అమ్మ గాజులు పెట్టారు. కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. తాత బద్ద పాత గదిలోనే ఉండిపోయింది. బాపు ఊడదీయబోతే ఆ చెక్క ముక్కలు గోడలో అట్లా పట్టుకుని ఉన్నాయి, రాలేదు. చివరికి రంపంతో బద్దను రెండు చివర్లా కోసి మధ్య ముక్క తెచ్చాడు. ఆరడుగులు ఉంటుంది. ఏడు పటాలనూ బాపమ్మ తన పాత చీరల్లో చుట్టి మంచం కింద పెట్టింది.

రెండు నెలలు అట్లా గడిచాయి. బాపమ్మ ఏమీ అనేది కాదు. కానీ మంచం మీద పడుకునేది కాదు. కింద చాప మీదే పడుకునేది. తాత ఫోటో మంచం కింద ఉంటే తాను పైన ఎట్లా పడుకుంటానంది. జూన్ వచ్చింది, నేల చల్లగా ఉంది, ఆమెకు దగ్గు మొదలైంది. అప్పుడు నేను ఒక పని చేశాను. దుకాణంలో రెండు వైపులా అంటుకునే టేపు తెచ్చి, తాత ఫోటో వెనక నాలుగు ముక్కలు వేసి గోడకు గట్టిగా నొక్కాను. నిలబడింది. బాపమ్మ దండం పెట్టి ఆ రాత్రి మంచం ఎక్కింది. తెల్లవారుజామున పటం కింద పడి అద్దం పగిలింది. టేపు ఊడలేదు. టేపుతో పాటు గోడ రంగు అరచేయంత ఊడి వచ్చింది. యజమాని చూసి 5,000 రూపాయలు కోస్తానన్నాడు. బాపమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. గాజు ముక్కలు ఏరుతూ ఉంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఎందుకు పడిందో పెయింటింగ్ పని చేసే మా చిన్నాయిన చెప్పాడు. గోడ మీద వేలు రుద్ది చూపించాడు. వేలికి తెల్ల పొడి అంటింది. "ఇది చవక డిస్టెంపర్. టేపు రంగును పట్టుకుంటది, రంగు గోడను పట్టుకోదు. వానాకాలం అయితే ఇంకా వదులైతది" అన్నాడు. సున్నం గోడకైనా అంతే. నూనె రంగు వేసిన గోడకు, బాత్రూం టైలుకు, బీరువా రేకుకు టేపు నిలుస్తుంది. కొన్ని కంపెనీల పట్టీలు ఉంటాయి. 1996లో అమెరికాలో కమాండ్ అనే పేరుతో అట్లాంటివి వచ్చాయి. వాటికి కింద తోక ఉంటుంది. తీసేటప్పుడు మన వైపుకు కాకుండా, గోడ వెంబడే మెల్లగా కిందికి సాగదీస్తే రంగు ఊడకుండా వస్తుంది. అతికించే ముందు గోడ తుడవాలి, అతికించాక గంటసేపు బరువు పెట్టకూడదు, ఎంత బరువు మోస్తుందో అట్ట మీద రాసినదానికి మించి పెట్టకూడదు. నేను ఇందులో ఒక్కటీ చేయలేదు. చేసినా ఆ పొడి గోడకు నిలిచేది కాదు.

చిన్నాయిన ఇంకోటి కూడా చెప్పాడు. మేకు బదులు డ్రిల్లుతో బొక్క చేసి ప్లాస్టిక్ గుల్లీ పెడితే గోడ పగలదు, మరలు తీసి పుట్టీ పూస్తే కనబడదు. దాని చరిత్ర వెతికితే భలే దొరికింది. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం గోడలు పాడు కాకుండా కరెంటు సామాను బిగించాల్సి వచ్చినప్పుడు జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే కాంట్రాక్టరు 1911లో ఒక గుల్లీ చేశాడు. జనపనారను జిగురుతో గట్టిపరచి చేసిన చిన్న గొట్టం. మర తిప్పితే అది ఉబ్బి బొక్కలో బిగుసుకుంటుంది. అంతకు ముందు వాళ్ళూ గోడలో చెక్క ముక్కలే దిగ్గొట్టేవాళ్ళట, మా తాత లాగానే. ఇప్పుడు దొరికే నైలాన్ గుల్లీని 1958లో జర్మనీలో ఆర్టుర్ ఫిషర్ చేశాడు. అంత పెద్ద మ్యూజియం వాళ్ళకూ మాకూ ఒకటే బాధ అని తెలిసి కొంచెం ధైర్యం వచ్చింది. కానీ మా యజమాని బొక్క అంటే బొక్కే అన్నాడు, పుట్టీ పూసినా సరే.

దారి బాపమ్మే చూపించింది. నేను ఈ వ్యాసం కోసం దండెం గురించి రాసుకుంటూ, దూలం నుంచి తాళ్ళు ఎట్లా దించేవాళ్ళు అని అడుగుతుంటే ఆమె పైకి చూసింది. మా అద్దె గదిలో సామాను పెట్టుకునే మాళా ఉంది. దాన్ని మోసే ఇనుప కమ్మీ గోడకు జానెడు దూరంలో ఉంది. "గోడ వానిది. కమ్మికి తాడు కడితె వానికేంది?" అంది. బాపు యజమానిని అడిగి వచ్చాడు. తాడైతే కట్టుకోండి అన్నాడు. బాపు తాత బద్ద ముక్కను రెండు నూలు తాళ్ళతో ఆ కమ్మీకి దించాడు. దాని కింద పటాలు. మేకు లేదు, టేపు లేదు. పటాలు గాలికి ఊగి గోడకు గీరుకోకుండా ఒక్కో పటం వెనక కింది మూలలకు పాత చెప్పు రబ్బరు ముక్కలు అంటించాం. తాడు ముడి జారకుండా బాపమ్మ నేతవాళ్ళ ముడి వేసింది. నాకు నేర్పింది, ఇంకా సరిగ్గా రావడం లేదు.

బద్ద ఆరడుగులే కాబట్టి ఆరు పటాలే పట్టాయి. ఏది ఆపాలి అని పెద్ద చర్చ జరిగింది. అమ్మ తన పెళ్ళి ఫోటో ఆపమంది. బాపు వద్దన్నాడు. చివరికి వెంకన్న బీరువా తలుపు మీదికి వెళ్ళాడు. చట్రంలోంచి తీసి, ఉట్టి కాగితంగా. రేకు మీద కాబట్టి చిన్నాయిన తెచ్చిన పట్టీలు నాలుగు సరిపోయాయి. ఈసారి అట్ట మీద రాసింది మొత్తం చదివి అంటించాను.

తాత ఫోటోకు కొత్త అద్దం వేయించాం. పాత అద్దం మీద ఏళ్ళ తరబడి పెట్టిన కుంకుమ బొట్టు మచ్చ ఉండేది, అది పోయింది. బాపమ్మ రోజూ కొత్తగా పెడుతోంది. గోడ మీద అరచేయంత రంగు ఊడిన చోటు మాత్రం అట్లాగే ఉంది. తాత పటం సరిగ్గా దాని ముందు వేలాడుతుంది కాబట్టి కనబడదు. 5,000 కోస్తాడో లేదో ఇల్లు ఖాళీ చేసే రోజు తెలుస్తుంది. కొత్త బీడీడీ ఇల్లు వచ్చాక గోడ మనదే కదా, నాలుగు మేకులు కొట్టుకుందాం అని బాపు అంటున్నాడు. బాపమ్మ అప్పుడే ఆ ఇంటి కోసం ఇంకో ఆరడుగుల బద్ద చూసి పెట్టమంటోంది.

9వ తరగతి